బుగులు తీరేదాకా



మా చిల్పూరు గుట్ట మీద వెంకటేశ్వరస్వామి వున్నాడు. ఆయనను అందరూ బుగులు వెంకటేశ్వరస్వామి అంటారు. పెళ్ళికి చేసిన అప్పు తీర్చలేక దిగులుపడిన స్వామి, ఈ గుట్ట మీదికి వచ్చి తపస్సు చేశాడని చెప్పుకుంటారు. బుగులు అంటే గుబులు, బెదురు. జనగామ వైపు పిల్లలకు ఈ మాట నేను చెప్పనక్కరలేదు. తక్కినవారు గుర్తుంచుకోండి, ఈ నెల మనకు దీనితోనే పని.

మా ఎదురింటికి ఈ మధ్య ఇద్దరు కొత్త చుట్టాలు వచ్చారు. వాళ్ళ మేనమామ హైదరాబాదు నుంచి అట్టపెట్టెలో తెచ్చిన గినీ పంది పిల్లలు. ఒకటి తెల్లనిది, రెండోది గోధుమరంగుది. మూడోనాడు ఆ యింటి అమ్మాయి ముఖం చిన్నబుచ్చుకుని మా గడప దగ్గర నిలబడింది.

"సారూ, అవి మమ్ముల జూస్తె ఉరుకుతున్నయి. మేమంటె వాటికి ఇష్టం లేదు."

"ఇష్టం లేక కాదు బిడ్డా, బుగులు పడుతున్నయి," అన్నాను.

గినీ పంది పేరులో రెండు అబద్ధాలున్నవి. అది పంది కాదు, గినీ దేశానిదీ కాదు. ఎలుకకూ ఉడతకూ దూరపు బంధువు. దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండలు దాని పుట్టిల్లు. అక్కడివారు వేల ఏళ్ళ క్రితమే దానిని మచ్చిక చేసి, మనం కోళ్ళను పెంచినట్టు మాంసం కోసం పెంచారు. అంతకు ముందు దాని పెద్దలు గడ్డి దుబ్బులలో బ్రతికేవి. పైనుంచి గద్ద, పక్కనుంచి నక్క. ఎదిరించడానికి కొమ్ములు లేవు, కోరలు లేవు. తెలిసిన విద్యలు రెండే: ఉరికి దాక్కోవడం, లేదా రాయిలా కదలక నిలిచిపోవడం. అలా నిలిచిన పిల్లను చూసి, "ఎంత బుద్ధిగా కూర్చున్నదో!" అని మనం మురిసిపోతాము. అది బుద్ధి కాదు, ప్రాణభయం.

ఈ సంగతి నాకు ముందే తెలిసివుంటే ఒక ప్రాణం నిలిచేది. చాలా ఏళ్ళ క్రితం, నేను ప్రధానోపాధ్యాయుడుగా వున్న ఒక బడికి, సైన్సు పాఠం కోసమని రెండు పిల్లలను తెప్పించాను. వచ్చిన రోజే అవి తరగతిలో వున్న పిల్లలందరి చేతులూ మారినవి. నేను పక్కనే నిలబడి, "మెల్లగా పట్టుకోండర్రా" అంటూ నవ్వుతూ చూశాను. తరువాత వాటిని తీగల పంజరంలో పెట్టి, వరండాలో బల్ల మీద వుంచాను. దాక్కోవడానికి ఒక్క మూల కూడా లేదు. మరునాడు చిన్నది గడ్డి ముట్టలేదు. కొత్త గదా, రేపు తింటుందిలే అనుకున్నాను. మూడోనాడు పొద్దున తలుపు తీసేసరికి అది కట్టెలా పడివున్నది.

గినీ పంది కడుపు ఆగకుండా తిరిగే గిర్నీ వంటిది. గింజ పడకపోతే గిర్నీకి ఏమీ కాదు గాని, దీని పేగులు మాత్రం కదలడం మానుకుంటవి. కాబట్టి ఒక పూట తిననట్టు కనిపిస్తే, రేపటిదాకా ఆగక అప్పుడే పశువుల డాక్టరు దగ్గరకు తీసుకుపోవాలి. "రేపు తింటుందిలే" అన్నది నా తప్పు.

ఆ అమ్మాయిచేత నేను చేయించిన పనులు చెబుతాను. ఇంట్లో చల్లని మూల చూశాము. కుక్కా పిల్లీ రాని చోటు. రెండు పాత కుండలను పక్కకు పడుకోబెట్టాము. ఒకదానికొకటి పోట్లాడకుండా ఎవరి యిల్లు వారిదే. పెట్టెకు మూడు వైపులా పాత చీరె కప్పి, అడుగున కాగితాలు పరచి, పైన ఎండుగడ్డి దట్టంగా వేశాము. పక్కనే నీళ్ళు. ఇక మూడు రోజులు చేతితో తాకరాదు. పక్కన నేల మీద కూర్చుని తెలుగు వాచకం పైకి చదవమన్నాను. ఎక్కాలు చదివినా సరే, అవి తప్పులు పట్టవు. వాటికి కావలసింది గొంతు అలవాటు కావడం.

తరువాత గరిక పోచను ముందునుంచి అందించాలి. పైనుంచి చేయి దించారో, మీరు గద్ద అయిపోతారు! చేతిలోది తినడం అలవాటైన తరువాతే ఎత్తుకోవడం. ఒక చేయి రొమ్ము కింద, రెండో చేయి వెనుక కాళ్ళ కింద వుంచి, మీ గుండెకు ఆనించుకోవాలి. అదీ నేల మీద కూర్చునే. నిలబడి ఎత్తుకున్నప్పుడు జారితే, మనకు నడుమంత ఎత్తు దానికి తాడిచెట్టంత. నడుము విరుగుతుంది. మొదట అయిదు నిమిషాలు చాలు. పళ్ళు టకటక కొట్టుకుంటే కోపమని అర్థం, దింపివేయండి.

వాటికి మనకూ ఒక పోలిక వున్నది. సి విటమినును ఒంట్లో తయారుచేసుకోలేము. 1907లో నార్వేలో హోల్‌స్ట్, ఫ్రోలిక్ అనే ఇద్దరు, వట్టి గింజలే పెట్టిన గినీ పందులకు ఓడ నావికుల జబ్బయిన స్కర్వీ రావడం చూశారు. క్యాబేజీ, నిమ్మరసం వంటివి ఇస్తే ఆ జబ్బు రాలేదు. అందుచేత రోజూ కాస్త జామపండు ముక్కో, కొత్తిమీరో, కాప్సికమో పెట్టండి. ఎండుగడ్డి మాత్రం ఎప్పుడూ వుండాలి. పత్తి చేల గట్ల మీది గడ్డి తేవద్దు, మందు కొట్టి వుంటారు. లేత జొన్న అసలే వద్దు. పశువులను అందులో మేయనీయకపోవడం మీరు చూసేవుంటారు.

ఒంటరిగా పెంచవద్దు. స్విట్జర్లాండులో అయితే అది చట్టవిరుద్ధం కూడా. రెండూ ఆడవే అయితే మేలు, లేకుంటే రెండు మూడు నెలలలో కుండలు చాలవు! ఇక మా ఎండల మాట. ముప్పై డిగ్రీలు దాటితేనే వాటికి వడదెబ్బ భయం. మేలో మాకు నలభై దాటుతుంది. తడిపిన గోనెపట్టాలు కట్టి, గాలి ఆడేటట్టు చూడగలిగినవారే పెంచాలి. చేతకాకపోతే తేవద్దని ఆ మేనమామకు చెప్పేవాణ్ణే, నన్ను ముందు అడిగివుంటే.

పదోనాడు ఆ అమ్మాయి మళ్ళీ వచ్చి నన్ను లాక్కుపోయింది. ఆమె కొత్తిమీర కాగితం విప్పగానే, కుండలోనుంచి "వీక్! వీక్!" అని కేక. తెల్లది బయటికి వచ్చి ఆమె వేళ్ళ మధ్యనుంచి ఆకు లాక్కున్నది. గోధుమరంగుది ఇంకా కుండ మూతి దగ్గరే వున్నది. దానికి బుగులు కాస్త ఎక్కువ. కిరాణా కొట్టు తూకం మీద రెండింటినీ ఒక డబ్బాలో పెట్టి వేరువేరుగా తూచి, బరువులు పుస్తకంలో రాసుకున్నాము. వచ్చే ఆదివారం మళ్ళీ తూచాలి.