ముందు ఆ హమ్ము వినండి

లాస్‌పేట, పాండిచ్చేరి

చిరంజీవులైన పిల్లలకి,

యానాం నుంచి చదువుకి ఇక్కడికొచ్చి, సాయంత్రాలు గిటార్లు భుజాన వేసుకుని మా వీధిలో తిరిగే మీ అందరికీ ఆశీస్సులు. మీలో కొందరు నన్ను తాతయ్యా అంటారు, కొందరు మేస్త్రిగారూ అంటారు. ఈ ఉత్తరం మాత్రం మేస్త్రిగానే రాస్తున్నాను.

పోయిన నెల మీలో ఒక అబ్బాయి వాల్వు ఆంప్లిఫయర్ ఒకటి మోసుకొచ్చాడు. పదిహేను వాట్లది, వెనక రెండు ఇఎల్84 వాల్వులు. "దీని టోన్ బ్రహ్మాండం తాతయ్యా, కానీ అరగంట వాయించేసరికి నీరసపడిపోతోంది" అన్నాడు. అప్పటికే రెండుసార్లు కొత్త వాల్వులు కొని మార్చాడట. నేను గదిలో లైటు ఆర్పి, ఆంప్లిఫయర్ వేసి కూర్చోమన్నాను. ఇరవై నిమిషాలకి ఒక వాల్వు లోపలి ప్లేటు నడిమధ్య కొలిమిలో ఇనుములా ఎర్రబడింది. ఆ అబ్బాయి అంతవరకూ చీకట్లో దాన్ని చూడలేదు.

తప్పు వాల్వుది కాదు. దానికి ముందున్న కప్లింగ్ కండెన్సర్‌ది. ముందు వాల్వు నుంచి పాటని పంపించి, డీసీ వోల్టేజీని అక్కడే ఆపెయ్యడం దాని పని. అది లీకైంది. సున్నా ఉండాల్సిన గ్రిడ్డు మీద మీటరు నాలుగు వోల్టుల దాకా చూపించింది. ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసి చూడండి. రెండు వాల్వులకీ కలిపి 130 ఓమ్‌ల కాథోడ్ రెసిస్టర్ ఉంది. కండెన్సర్ బాగున్నప్పుడు దాని మీద 10 వోల్టులు. 10ని 130తో భాగిస్తే 77 మిల్లీఆంపియర్లు, అంటే వాల్వుకి 38. అందులో నాలుగు స్క్రీన్‌కి పోగా ప్లేటుకి 34. ప్లేటుకీ కాథోడ్‌కీ మధ్య 300 వోల్టులుంటే అది పది వాట్లు దాటుతుంది. ఇఎల్84 ప్లేటు తట్టుకునేది 12 వాట్లు. లీకు వల్ల కరెంటు యాభై దాకా పాకితే 14, 15 వాట్లు. ఎర్రబడక ఏం చేస్తుంది? చవక కండెన్సర్ ఒకటి మార్చాను, ఎరుపు పోయింది.

అప్పుడు ఆ అబ్బాయి గిటార్ తీసుకుని వాయించాడు. ముఖం వాడిపోయింది. "ఆ చిక్కదనం పోయింది తాతయ్యా" అన్నాడు.

ఆ మాటకే ఈ ఉత్తరం. వాడు ప్రేమించింది ఆ వాల్వుకి వచ్చిన జ్వరాన్ని. చిక్కదనం నిజమే, నా చెవికీ వినిపించింది. కానీ అది గంటకో రకంగా మారే చిక్కదనం, వాల్వునీ ట్రాన్స్‌ఫార్మర్‌నీ తినేసే చిక్కదనం. ఆంప్లిఫయర్ ఒళ్లు బాగుపడకుండా దాని గొంతు బాగుందో లేదో తేల్చలేం. మీరందరూ తిరగేసి చేస్తున్నారు. ముందు టోన్ నచ్చలేదని వాల్వులు మారుస్తారు, ఆనక స్పీకర్ మారుస్తారు, మీటరు మాత్రం చివరికి పెడతారు.

మరి జబ్బు ఎలా పట్టాలి? మీటరుకంటే ముందు మీ చెవి ఉంది. గిటార్ కేబుల్ పీకేసి, వాల్యూమ్ సున్నాలో పెట్టి హమ్ము వినండి. ఆరో తీగ మూడో మెట్టు మీద జి స్వరం 98 హెర్ట్జ్. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి, దాన్ని డీసీగా మార్చేటప్పుడు మిగిలే అల 100 హెర్ట్జ్. అంటే ఫిల్టర్ కండెన్సర్లు ఎండిపోయి వచ్చే హమ్ము మీ జి స్వరం కంటే ఒక్క పిసరు పైన నిలబడుతుంది. గిటార్ మీద జి మీటి, ఆ పక్కన హమ్ము విని చూడండి, రెండూ దాదాపు కలుస్తాయి. హమ్ము ఒక స్థాయి కిందకి, 50 హెర్ట్జ్ దగ్గర ఉంటే ఫిలమెంటు వైర్లనో ఎర్తునో అనుమానించండి. అమెరికావాళ్ల పాఠాల్లో ఇవే 120, 60 అని ఉంటాయి, వాళ్ల కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి. వాళ్ల చెవిపాఠం ఇక్కడ అచ్చంగా పనికిరాదు. వాల్యూమ్ పెంచితే హమ్ము పెరుగుతోందా, జబ్బు ముందు వాల్వుల వైపు. వాల్యూమ్ ఎలా ఉన్నా ఒకేలా ఉందా, వెనక వైపు. ఇంత వింటే సగం పని అయినట్టే.

మొదటి వాల్వు ఇసిసి83 అయితే దాని ఆంప్లిఫికేషన్ గుణకం 100. దాని దగ్గర పుట్టిన చిన్న గరగర కూడా చివరికి పెద్దదై వినిపిస్తుంది. పెన్సిల్‌తో మెల్లిగా తట్టండి. స్పీకర్లో గంట మోగినట్టు మోగితే ఆ వాల్వు చోటు మార్చండి.

ఇక సముద్రం. లాస్‌పేటకి అది ఎంత దూరమో మీకే తెలుసు. ఆ ఉప్పుగాలికి వాల్వు సాకెట్ల పిన్నులు నల్లబడతాయి, జాక్ లోపలి పత్తీలు పచ్చబడతాయి. "వాల్వు పోయింది" అని నా దగ్గరికి తెచ్చినవాటిలో చాలావాటికి నేను చేసింది సాకెట్లు కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగి, పిన్నులు బిగించడమే. ఆరోవిల్ వైపు నుంచి వచ్చేవాటికి ఇంకో ప్రమాదం: 120 వోల్టులకి తయారైన ఆంప్లిఫయర్‌ని తిన్నగా మన 230 సాకెట్లో పెట్టేస్తారు. వెనక అట్ట మీద ఏం రాసి ఉందో చదవకుండా ప్లగ్గు పెట్టొద్దు నాయనా.

ఈ మాట మాత్రం కాస్త గట్టిగా చెప్తాను. కాకినాడ పక్కన మైకుసెట్ల దగ్గర పని నేర్చుకునే రోజుల్లో, ప్లగ్గు పీకేశాను కదా అని ఛాసిస్‌లో చెయ్యి పెట్టాను. ఫిల్టర్ కండెన్సర్లలో నిలవున్న కరెంటు కొట్టి బెంచీ మీంచి వెనక్కి పడ్డాను. భుజం వారం రోజులు లేవలేదు. గుండె మీదుగా పోయి ఉంటే మీకీ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. వాల్వు ఆంప్లిఫయర్లో మూడు, నాలుగు వందల వోల్టులు ఉంటాయి, ఆపేశాక కూడా ఉంటాయి. తగిన వాట్ల రెసిస్టర్‌తో కండెన్సర్లు ఖాళీ చెయ్యండి, మీటరు పెట్టి ఖాళీ అయ్యిందని చూడండి, అప్పుడు ముట్టుకోండి. ఆన్‌లో ఉండగా కొలవాల్సి వస్తే ఒక చెయ్యి జేబులో ఉండాలి. మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు కరెంటు తీగ మధ్యలో సీరీస్ బల్బు పెట్టండి. ఒక్కసారి వెలిగి మందగిస్తే సరే, వెలుగుతూనే ఉంటే లోపల షార్టు. స్పీకర్ తీగ తగిలించకుండా ఆంప్లిఫయర్ వెయ్యొద్దు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది.

జబ్బు నయమయ్యాక టోన్ దగ్గరికి రండి. ఇక్కడ చెవి మోసపోతుంది. కాస్త బిగ్గరగా వినిపించేది మెరుగ్గా అనిపిస్తుంది, అది చెవి గుణం. అందుకని రెండు వాల్వులు పోల్చేటప్పుడు ఫోన్లో శబ్దం కొలిచే ఆప్ పెట్టి, ఒకే చోట కూర్చుని, రెండింటినీ సమానం చెయ్యండి. వాల్వుల్ని ఇంకొకరు మార్చాలి, ఏది ఏదో మీకు తెలియకూడదు. ఒక్కసారి ఒక్కటే మార్చండి. గిటార్ స్పీకర్ హెచ్చు స్వరాల్ని టార్చిలైటులా నేరుగా ముందుకే కొడుతుంది. మోకాలి దగ్గర ఆంప్లిఫయర్ పెట్టుకుని నిలబడి వింటే మీకు మసకగా, ఎదురుగా కూర్చున్నవాడికి చెవులు కోసేలా ఉంటుంది. స్టూలు మీద ఎత్తి పెట్టండి. చాలామంది స్పీకర్ మార్చేస్తున్నది ఈ స్టూలు లేకనే.

వాల్వుల విషయంలో మీకు ఒక బెంగ ఉంది, అవి దొరకవని. 1954లో బెంగుళూరులో పెట్టిన భారత్ ఎలక్ట్రానిక్స్ మన దేశంలోనే వాల్వులు చేసింది. ఇఎల్84లు కూడా చేసింది. పాత రేడియో షాపుల అల్మారాల్లో ఆ బిఇఎల్ డబ్బాలు ఇంకా కనిపిస్తాయి, దొరికితే వదలకండి, కానీ టెస్ట్ చెయ్యకుండా డబ్బు ఇవ్వకండి. ఇప్పుడు కొత్తవి చాలావరకు రష్యా, స్లొవేకియా, చైనాల నుంచే. 2022లో రష్యా సరుకు ఆగినప్పుడు ధరలు ఎలా ఎగిశాయో అప్పుడు కొన్నవాళ్లని అడగండి. ఉన్న వాల్వుని కాల్చుకోకుండా కాపాడుకోవాలని చెప్పడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

రిపేరు పని చిన్నదనుకునేవాళ్లకి ఒక మాట. లియో ఫెండర్ 1938లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియో రిపేరు షాపు పెట్టినవాడు. గిటార్ వాయించడం ఆయనకి రాదు. వాయించేవాళ్లని బల్ల దగ్గర కూర్చోబెట్టి, వాళ్ల మాట విని తన ఆంప్లిఫయర్లని సరిదిద్దాడు. లండన్‌లో జిమ్ మార్షల్ షాపువాళ్లు 1962లో మొదటి ఆంప్లిఫయర్ చేసింది ఆ ఫెండర్ చేసిన బాస్‌మన్ ఆంప్లిఫయర్ సర్క్యూట్ చూసే. మీరు పూజించే ఆ రెండు పేర్లూ మా మేస్త్రీల వంశం.

ఆ అబ్బాయి సంగతి చెప్పి ఆపుతాను. వారం రోజులు వాయించి మళ్లీ వచ్చాడు. ట్రెబుల్ కాస్త తగ్గించాడట, స్టూలు మీద పెట్టాడట. గంటన్నర వాయించినా అలాగే ఉంటోందన్నాడు. జూన్ 21న ఫెత్ ద లా ముజీక్ సంగీతోత్సవానికి దాన్నే తీసుకెళ్తాడట. తీసేసిన ఆ పాత కండెన్సర్‌ని నేను పారెయ్యలేదు. చిన్న కవర్లో పెట్టి పైన తేదీ రాశాను. ఆదివారం పొద్దున్న వస్తే మీటరు పెట్టి దాని లీకు మీ కళ్లకి చూపిస్తాను. వచ్చేటప్పుడు ఎక్కడైనా పాత ఫిలమెంటు బల్బులు, వంద వాట్లవి కనబడితే రెండు పట్టుకు రండి, నా సీరీస్ బల్బు మొన్న మాడిపోయింది.

ఇట్లు,
మీ మేస్త్రి తాతయ్య