టీచర్ల లెక్క ఎవరు వేస్తున్నారు?

అనుమసముద్రంపేట మండలంలో సంఘం పని మీద ఊళ్లు తిరుగుతుంటే నాకు ఇద్దరు ఆడవాళ్లు పక్కపక్క ఇళ్లలోనే కనిపిస్తుంటారు. ఒకామె తన కూతురి బడికి ఒక పంతులమ్మ కావాలంటుంది. ఇంకొకామె టీచర్ శిక్షణ పూర్తిచేసి ఉద్యోగం కోసం ఏళ్లుగా కాచుకుని ఉంటుంది. వీళ్లిద్దరినీ కలపాల్సింది ప్రభుత్వం. ఆ పని ఎందుకు జరగడం లేదు? డబ్బు లేదు అన్నది అధికారుల జవాబు. ప్రణాళిక లేదు అన్నది నా జవాబు.

2024 ఫిబ్రవరిలో రాష్ట్ర ప్రభుత్వం 6,100 టీచరు పోస్టులకు డీఎస్సీ ప్రకటించింది. ఎన్నికలయ్యాయి. ప్రభుత్వం మారింది. జూన్‌లో కొత్త ముఖ్యమంత్రి మొదటి సంతకం 16,347 పోస్టుల మీద పెట్టారు. ఆ నాలుగు నెలల్లో పదివేల మంది టీచర్లు రిటైరయ్యారా? లేక పిల్లలు అంతగా పెరిగారా? రెండూ కాదు. పోస్టుల సంఖ్యను బడి హాజరుపట్టీ చూసి కాదు, ఎన్నికల క్యాలెండరు చూసి నిర్ణయిస్తున్నారు. 2018 తర్వాత మళ్లీ డీఎస్సీ పరీక్ష 2025లోనే జరిగింది. ఆ ఏడేళ్లూ శిక్షణ కళాశాలలు మాత్రం ఏటా కొత్త బ్యాచ్‌లను చేర్చుకుంటూనే ఉన్నాయి.

నిజానికి ఇంత తేలికైన లెక్క ఇంకొకటి లేదు. ప్రతి టీచరు పుట్టినతేదీ సర్వీసు రిజిస్టరులో ఉంటుంది. ఎవరు ఏ నెలలో రిటైరవుతారో చాలా ఏళ్ల ముందే చెప్పొచ్చు. రాబోయే ఏళ్లలో బడికి వచ్చే పిల్లల పేర్లు ఈరోజే అంగన్‌వాడీ పుస్తకంలో ఉన్నాయి. ఇవన్నీ చేతిలో ఉండి కూడా ఉద్యోగ విరమణ వయసును 2014లో 60కి, 2022లో 62కి పెంచినప్పుడు, ఖాళీలు ఆగిపోతాయి కాబట్టి శిక్షణ సీట్లను ఏం చేయాలో ఎవరైనా ఆలోచించారా?

సీట్లకు అనుమతి ఇచ్చేది జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి. పోస్టులు మంజూరు చేసేది రాష్ట్రం. మధ్యలో ఫీజులు వసూలు చేసేది ప్రైవేటు కళాశాల. నెల్లూరు జిల్లా ప్రభుత్వ శిక్షణ సంస్థ, డైట్, పల్లిపాడులో ఉంది. అది నెల్లూరు దాటి సముద్రం వైపు. మెట్ట పిల్ల అంత దూరం పోయి చదవాలంటే హాస్టలు కావాలి, ఇంట్లో ఒప్పుకోవాలి. లేదంటే తల్లి మెడలోది కుదువపెట్టి ప్రైవేటులో చేరాలి. చేరాక నియమాలైనా నిలకడగా ఉంటాయా? ప్రాథమిక పాఠశాలలకు బీఎడ్ వాళ్లూ అర్హులేనని 2018లో అన్నారు. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు అది చెల్లదంది. మధ్యలో ఆ మాట నమ్మి చదివిన ఆడపిల్లల ఖర్చుకు జవాబుదారీ ఎవరు?

ఇక బడి సంగతి. ఒక్కరే టీచరున్న చోట సారు మీటింగుకు పోతే బడికి తాళమే. బడి సరిగా నడవదని తెలిస్తే చేయగలిగినవాళ్లు కొడుకును ప్రైవేటు బడి వ్యానెక్కిస్తారు, కూతురు ఇక్కడే మిగిలిపోతుంది. ఆ తర్వాత 'పిల్లలు తగ్గారు' అంటూ పోస్టు ఎత్తేస్తారు. 1987 నాటి ఆపరేషన్ బ్లాక్ బోర్డు పథకమే ఏకోపాధ్యాయ బడికి రెండో టీచరు కావాలనీ, వీలైతే ఆమె స్త్రీ కావాలనీ చెప్పింది. 2009 విద్యాహక్కు చట్టం 60 మంది లోపు పిల్లలున్న ప్రాథమిక బడికి కూడా ఇద్దరు టీచర్లుండాలంది. మంజూరైన పోస్టుల్లో ఖాళీలు పది శాతం మించరాదని కూడా అదే చట్టం చెప్పింది. పాలకులు దీనికో ఉపాయం కనిపెట్టారు. రేషనలైజేషన్ పేరుతో మంజూరు పోస్టునే తగ్గించేస్తే కాగితం మీద ఖాళీయే ఉండదు! 2022 జూన్‌లో వచ్చిన 117వ జీవో 3, 4, 5 తరగతులను హైస్కూళ్లకు తరలించింది. ఊళ్లో మిగిలిన 1, 2 తరగతులకు చాలాచోట్ల ఒక్క టీచరే దిక్కయ్యారు. 2025లో దాన్ని రద్దు చేశారు. కానీ ఆ మూడేళ్ల బాల్యాన్ని ఏ జీవో తిరిగిస్తుంది?

'ఆడవాళ్లు మారుమూల ఊళ్లకు రారు' అనే మాట నేను చాలాసార్లు విన్నాను. బస్సు లేని ఊరికి, మరుగుదొడ్డి లేని బడికి, ఇల్లు దొరకని చోటికి మగవాళ్లు మాత్రం ఉత్సాహంగా వస్తున్నారా? 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంలో ఇదే మెట్ట ఊళ్లలో రాత్రిపూట పలకలు పట్టించి చదువు చెప్పిన వాలంటీర్లలో ఆడవాళ్లు లేరా? ఆ అక్షరాల నుంచే దూబగుంట సారా పోరాటం పుట్టి, 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. తర్వాత విద్యా వాలంటీర్ల పేరుతో కొద్దిపాటి గౌరవ వేతనానికి బడులు నడిపించారు. చౌకగా పనిచేయాల్సివస్తే ఆడవాళ్లు గుర్తొస్తారు, పర్మనెంటు పోస్టు అనేసరికి లెక్కలు గుర్తొస్తాయి.

అందుకే సంఘాలుగా మనం ఈ లెక్కను చేతిలోకి తీసుకోవాలి. ప్రతి మండలంలో మంజూరైన పోస్టులెన్ని, పనిచేస్తున్నవారెందరు, ఐదేళ్లలో రిటైరయ్యేవారెందరు అన్నది ఏటా బయట పెట్టాలని అడగాలి. ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టాలి. ఆ లెక్క ప్రకారమే శిక్షణ సీట్లుండాలి, ఏటా నియామకాలు జరగాలి. మెట్ట ప్రాంతంలో ఆడపిల్లలకు హాస్టలుతో ప్రభుత్వ శిక్షణ కేంద్రం కావాలి. ప్రతి ప్రాథమిక బడిలో ఇద్దరు టీచర్లు, వారిలో ఒకరు స్త్రీ ఉండి తీరాలి.

సారా దుకాణాల లెక్క అడిగి సాధించిన మెట్ట ఇది. బడి లెక్క అడగడానికి మనకెవరి అనుమతీ అక్కర్లేదు.