పెద్ద రిమ్ములతో స్టీరింగ్ బాగుపడదు

పెద్ద అల్లాయ్ వీల్స్ వేయిస్తే స్టీరింగ్ చురుగ్గా మారుతుందని గత సంచికలో రాశారు. ఆ చురుకు చక్రానిది కాదు, టైరు పక్కగోడది. 185/65 ఆర్15 తీసి 195/55 ఆర్16 వేస్తే టైరు మొత్తం ఎత్తు దాదాపు అంతే, 621 మిల్లీమీటర్లు. పక్కగోడ మాత్రం 120 నుంచి 107కు తగ్గుతుంది. తక్కువ వంగుతుంది కాబట్టే బండి వెంటనే తిరుగుతుంది. గుంతల్లో రిమ్ము సొట్టపోయేదీ, టైరు ఉబ్బేదీ అందుకే. ఆ మాట మీ వ్యాసంలో ఎక్కడా లేదు!

ఆఫ్‌సెట్ తగ్గిన రిమ్ము ఇంకా చేటు. చక్రం బయటికి జరిగి, గతుకు తగిలినప్పుడల్లా స్టీరింగ్ చేతిలో గుంజుతుంది. కుర్రాళ్లు అప్పులు చేసి ఇవి కొంటున్నారు. పాత సైజులోనే మంచి టైర్లు వేయించి, కంపెనీ చెప్పినంత గాలి పట్టించి, అలైన్‌మెంట్ చూపించుకోమని రాయండి.

— ఒక టైర్ల షాపు మెకానిక్, విజయవాడ