మా నడవాలో దీపపు గూడు



పోయిన కార్తీకమాసంలో ఒక సోమవారం సాయంత్రం మా ఇంటికి పేరంటానికి వచ్చినవాళ్ళు తాంబూలం అందుకుంటూనే తలలెత్తి మా హాలు పైకప్పు వంక చూశారు. అక్కడ నేను స్వయంగా చేసిన పురికొస దీపం వేలాడుతోంది. "ఎంతకు కొన్నారు వదినగారూ?" అని ఒకరు. "ఇంత మంచి ఐడియా మీకెలా వచ్చిందండీ?" అని ఇంకొకరు. నిజం చెప్పొద్దూ, ఆ పూట నా కాళ్ళు నేల మీద నిలవలేదు.

ఆ రాత్రే మా అత్తయ్యగారు పడిపోయారు.

రెండు గంటలప్పుడు బాత్‌రూమ్‌కని లేచి, నడవాలో తడుముకుంటూ వెళ్తూ కాలు తడబడి పడ్డారు. చప్పుడుకి అందరం లేచి పరుగెత్తాం. కుడి మణికట్టు ఎముక విరిగింది. ఆరు వారాలు కట్టు ఉంచాలన్నారు. "తుంటి విరగలేదు, అదే పదివేలు" అన్నారు డాక్టరుగారు. ఆవిడకి 74 ఏళ్ళు.

"లైటు వేసుకోవలసింది కదా అత్తయ్యా" అన్నాను మర్నాడు, అన్నం కలిపి పెడుతూ.

"స్విచ్చి ఆ చివరెక్కడో ఉందిగా అమ్మాయ్! అక్కడిదాకా చీకట్లోనే కదా నడవాలి" అన్నారావిడ.

విజయవాడలో ఈ ఫ్లాటులోకి వచ్చి పదకొండేళ్ళయింది. ఒక్కనాడూ నాకా సంగతి తట్టలేదు. వచ్చేపోయేవాళ్ళు చూసే హాలుకి మూడు రకాల దీపాలు చేసి పెట్టాను. ఇంట్లో మనిషి రోజూ రాత్రి రెండుసార్లు నడిచే దారిలో గుడ్డి దీపమైనా పెట్టలేదు. కలిపిన ముద్ద చేతిలోనే ఉండిపోయింది నాకు.

ఇంటి అలంకరణకి ఐడియాలు ఎక్కడి నుంచి తెచ్చుకుంటారని మీలో చాలామంది అడుగుతుంటారు. ఆ రోజు దాకా నేనైతే ఫోన్లో ఫొటోలు, వీడియోలు చూసి చేసేదాన్ని. తప్పని అనను. పురికొస దీపం అలా నేర్చుకున్నదే. కానీ ఆ ఫొటోల్లో రాత్రిపూట మోకాళ్ళ నొప్పులతో లేచే అత్తగారు ఉండరు. పరీక్షలకి చదివే పిల్లలుండరు. అందుకని ఇప్పుడు ముందు మా ఇంటిని చూస్తున్నాను, తర్వాతే ఫోను.

చీకటి లెక్క

ఒకరోజు రాత్రి భోజనాలయ్యాక, చిన్న నోటుపుస్తకం తీసుకుని ఇల్లంతా తిరిగాను. ఏ గదిలో ఎవరు, ఏ వేళకి, ఏం పని చేస్తారు, అప్పుడు వెలుతురు ఎటు నుంచి పడుతోంది అని రాసుకున్నాను. మీరూ చేసి చూడండి, ఆశ్చర్యపోతారు.

మా వంటింట్లో ట్యూబులైటు నా వీపు వెనక ఉంది. కూరలు తరుగుతుంటే నా నీడ సరిగ్గా కత్తిపీట మీదే పడుతోంది. పదకొండేళ్ళుగా నా నీడలోనే కూరలు తరుగుతున్నానన్నమాట! గట్టు పైనున్న అలమర అడుగున సన్నటి ఎల్‌ఈడీ పట్టీ అతికించాక ఆ బాధ తీరింది. మా అమ్మాయి కుడిచేత్తో రాస్తుంది, టేబుల్ ల్యాంపూ కుడివైపే ఉంది. చేతి నీడ నోట్సు మీద పడుతోంది. ల్యాంపుని ఎడమకి మార్చాం. పైసా ఖర్చు లేదు. చెప్పుల స్టాండు మూల, దేవుడి అలమర కింద అర, ఇవీ చీకటి లెక్కలోకే వచ్చాయి. అన్నిటికన్నా పైన నడవా.

నేను చేసిన తప్పు

నడవాకి దీపం అనుకోగానే నాలో కళాకారిణి నిద్రలేచింది. అటక మీదున్న పాత వెదురుబుట్ట దింపి, కడిగి ఆరబెట్టి, బోర్లించి, లోపల బల్బు పెట్టించాను. గోడల మీద, నేల మీద చారలు చారలుగా నీడలు. ఎంత బాగుందో! అందరినీ పిలిచి చూపించాను.

అత్తయ్యగారు గది గుమ్మంలోంచి ఒక అడుగు వేసి, ఠక్కున ఆగి, కాలు పైకెత్తారు. "ఇక్కడ మెట్టేమైనా కట్టించారా?" అన్నారు.

నీడ చారలు ఆవిడ కంటికి మెట్లలా కనిపించాయి! వయసు మీరేకొద్దీ కంటికి వెలుతురు ఎక్కువ కావాలి. పైగా బల్బు సూటిగా కళ్ళలో కొడితే కింద ఏముందో కనపడదు. కాబట్టి పెద్దవాళ్ళు నడిచేచోట జల్లులా, చారల్లా నీడలు పడే దీపాలు వద్దు. వెలుతురు మెత్తగా, సమంగా, పాదాల మీద పడాలి. ఆ బుట్ట ఇప్పుడు మా భోజనాల బల్ల పైన వేలాడుతోంది. అక్కడ అందరూ కూర్చునే ఉంటారు కనక ఇబ్బంది లేదు.

అత్తయ్యగారి గూడు

అసలు ఐడియా ఇచ్చింది అత్తయ్యగారే. ఆవిడ పుట్టిల్లు బందరు పక్కన పల్లెటూరు. మట్టిగోడల పెంకుటిల్లు. "మా ఇంట్లో ప్రతి గుమ్మం పక్కనా గోడలో గూడు ఉండేది. సందెవేళ మా అమ్మ గూట్లో దీపం పెట్టేది. గాలికి ఆరిపోయేది కాదు, మన కళ్ళలోనూ పడేది కాదు. గుమ్మం దాటే కాలికి దారి కనపడేది" అన్నారు.

ఆవిడ ఊరికే ముచ్చటగా చెప్పుకున్న మాటలవి. విన్నాక నాకు నిద్ర పట్టలేదు. మూడు వైపులా గోడ, ఒకవైపే వెలుతురు! కరెంటు దీపానికీ ఇంతకన్నా మంచి డూమ్ ఏముంటుంది? ఫ్లాటు గోడ తవ్వలేం కదా. పాత బల్ల సొరుగు ఒకటి అటక మీద పడుంది. దాన్నే గూడు చేశాను.

కావలసినవి: చెక్క సొరుగు ఒకటి (మాది సుమారు అడుగు పొడవు, ముప్పావు అడుగు వెడల్పు), గరుకు కాగితం, తెల్ల రంగు కొద్దిగా, అర వాటు ఎల్‌ఈడీ నైట్ బల్బు, హోల్డరు, వైరు, ప్లగ్గు, పల్చటి పాత నూలు చీర ముక్క, అతుక్కునే వెల్క్రో పట్టీ.

చేసే విధానం: సొరుగు పిడి ఊడదీసి, గరుకు కాగితంతో రుద్ది దుమ్ము తుడవాలి. లోపల తెల్ల రంగు రెండుసార్లు వేయాలి. తెలుపు వెలుతురుని బయటికి తోస్తుంది, చిన్న బల్బయినా సరిపోతుంది. సొరుగుని నిలువుగా నిలబెట్టి, కింది పలకలో వైరుకో కన్నం, పై పలకలో గాలి ఆడటానికి రెండు మూడు కన్నాలు పెట్టించాలి. హోల్డరు బిగించి వైరు కలిపే పని ఎలక్ట్రీషియన్‌కే వదిలేశాను. సొరుగు నోరు మనవైపు వచ్చేలా, మోకాలి ఎత్తులో గోడకి స్క్రూలతో బిగించాలి. గుడ్డని నోటికి సరిపడా కత్తిరించి, అంచులు మడిచి కుట్టి, వెల్క్రోతో అతికించాలి. నెలకోసారి తీసి ఉతుక్కోవచ్చు. గుడ్డ బల్బుకి తగలకుండా నాలుగు వేళ్ళ ఎడం ఉండాలి సుమా! మీ నడవా పెద్దదైతే అర వాటు చాలకపోవచ్చు, రెండు మూడు వాట్లది పెట్టుకోండి.

మేం వేసిన గుడ్డ అత్తయ్యగారి పాత మంగళగిరి చీరలోది. చిరిగిపోతే దాచి ఉంచారు. "నా చీరకి ఈ యోగం కూడా ఉందన్నమాట" అని నవ్వారు.

కరెంటు దండగా?

అన్నట్టు, అసలు పేచీ ఇక్కడొచ్చింది. "రాత్రంతా దీపం వెలుగుతుంటే బిల్లు ఎవరు కడతారు?" అని అత్తయ్యగారు రోజూ ఆర్పేసేవారు. కొడుకు కష్టం వృథా కాకూడదని ఆవిడ తాపత్రయం. అందుకని కాగితం, పెన్ను పట్టుకుని పక్కన కూర్చున్నాను.

వెయ్యి వాట్లు గంటసేపు కాలిస్తే ఒక యూనిట్. మన పాత జీరో బల్బు పేరుకే జీరో, 15 వాట్ల దాకా లాగుతుంది. రోజుకి 10 గంటలు వెలిగితే నెలకి నాలుగున్నర యూనిట్లు. ఈ అర వాటు బల్బు 10 గంటలు వెలిగితే వాడేది 5 వాట్-గంటలే. అంటే 200 రాత్రులు వెలిగితే గానీ ఒక్క యూనిట్ కాదు! ఆవిడ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అయితే ఉండనీ" అన్నారు.

పెద్ద బల్బులదీ ఇదే లెక్క. 60 వాట్ల పాత బల్బు ఇచ్చే వెలుతురు దాదాపు 9 వాట్ల ఎల్‌ఈడీ ఇస్తుంది. రోజుకి 5 గంటల చొప్పున నెలకి మొదటిది 9 యూనిట్లు, రెండోది ఒకటిన్నరకి లోపే. పైగా పాత బల్బులో కరెంటు ఎక్కువ భాగం వేడిగానే పోయేది. కాగితం, గుడ్డ డూములు మాడిపోవడం అందుకే. ఇంట్లో చేసుకునే దీపాలకి ఎల్‌ఈడీ తప్ప ఇంకేదీ వాడొద్దు.

మన దగ్గరే ఎన్ని ఐడియాలో!

గూడు తర్వాత నా చూపు మారిపోయింది. తోలుబొమ్మలాట గుర్తుందా? తెల్లటి తెర, వెనక దీపం, మధ్యలో రంగుల బొమ్మ. వెలుతురు వెనక నుంచి వస్తే రంగు ఎలా జీవం పోసుకుంటుందో మన తాతల నాడే తెలుసు. శ్రీసత్యసాయి జిల్లా ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఆ బొమ్మలు చేసే కుటుంబాలవారే మేకతోలుతో దీపాల డూములు కూడా చేస్తున్నారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. లేపాక్షి దుకాణాలకి వెళ్ళినప్పుడు అలాంటి డూములు కనపడితే దీపం వెలిగించి చూపించమనండి. ఆరిపోయి ఉన్నప్పుడు చూస్తే దాని అందం సగమే తెలుస్తుంది.

ఇదే సూత్రం ఇంట్లో గుడ్డతోనూ చేయొచ్చు. పెడన కలంకారీ ముక్కలు, పాత దుప్పటి అంచులు దీపానికి అడ్డం పట్టుకుని చూడండి. పల్చటి నేత అయితే అచ్చులోని ఆకులు, పువ్వులు వెలుగుతాయి. మందంగా ఉంటే నల్లగా మిగిలిపోతాయి. కుట్టకముందే ఈ పరీక్ష చేసుకుంటే శ్రమ దండగ కాదు.

ఇక మా హాల్లోని పురికొస దీపం ఎలాగో చెప్పమని పేరంటాళ్ళు అడిగారు కాబట్టి రెండు ముక్కలు. పెద్ద బెలూను ఊది కొంచెం నూనె రాయాలి. తెల్ల జిగురులో కాస్త నీళ్ళు కలిపి, పురికొసని అందులో ముంచుతూ బెలూను చుట్టూ అడ్డదిడ్డంగా చుట్టాలి. బల్బు పెట్టడానికి పైన బెత్తెడు ఖాళీ వదలాలి. ఒక రోజంతా నీడలో ఆరాక బెలూను పగలగొట్టి తీసేస్తే గుండ్రటి డూమ్ తయారు. పూర్తిగా ఆరకుండా తొందరపడ్డారో, నా మొదటిదానిలా నలిగి దోసకాయ ఆకారంలోకి వస్తుంది!

మరిచిపోకూడనివి

బల్బు కొనేటప్పుడు పెట్టె మీద రంగు చూడండి. 2700, 3000 అని ఉంటే పసుపు ఛాయ వెలుతురు, పడకగదికి, నడవాకి హాయి. 6500 అని ఉంటే తెల్లటిది, వంటింటికి, చదువుకునే బల్లకి మంచిది. వైరు తివాచీ కింద నుంచి గానీ, నడిచే దారికి అడ్డంగా గానీ పోనివ్వకండి. పడిపోకుండా పెట్టిన దీపమే పడేస్తుంది. ఎల్‌ఈడీ అయినా మొదలు దగ్గర వేడెక్కుతుంది, డూముని అన్నివైపులా మూసేయొద్దు. తుడిచేటప్పుడు ప్లగ్గు తీసేయండి. అతుకుల వైర్లు, తడి చేతులు వద్దే వద్దు.

అత్తయ్యగారి కట్టు విప్పి చాలా నెలలైంది. చెయ్యి ఇంకా పూర్తిగా తిరగదు. జడ వేసుకోవడానికి ఇప్పటికీ నేనో, మా అమ్మాయో సాయం పడుతున్నాం. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. దీపం ఒక్క నెల ముందు పెట్టి ఉంటే ఎంత బాగుండేది అనిపిస్తుంది.

సందెవేళ దేవుడి దగ్గర దీపం పెట్టగానే ఆవిడ తిన్నగా నడవాలోకి వెళ్ళి, గూటి స్విచ్చి తనే వేస్తారు. కొత్త స్విచ్చి ఆవిడ గది గుమ్మం పక్కనే పెట్టించాం లెండి. మొన్న పక్కింటావిడ వచ్చి, "ఈ ఐడియా కూడా మీదేనా వదినగారూ?" అంది. "కాదు, మా అత్తగారిది" అన్నాను. అత్తయ్యగారు వినపడనట్టే చిక్కుళ్ళు ఒలుచుకుంటూ కూర్చున్నారు గానీ, మొహంలో నవ్వు దాగలేదు.

ఈ రాత్రి మీరూ ఒకసారి ఇల్లంతా తిరిగి చూడండి. మీ ఇంట్లో చీకట్లో తడుముకుంటున్నది ఎవరో కనిపెట్టి, మొదటి దీపం వాళ్ళ దారిలో పెట్టండి. వచ్చేవారం మళ్ళీ కలుద్దాం. ఉంటాను మరి.