ఫోన్‌లో దొరకని మజా కోసమే కదా మాల్ ఆర్కేడ్‌కి వెళ్ళేది?

మొన్న ఆదివారం మా బాబాయ్ కొడుకుని తీసుకుని మాల్‌కి వెళ్ళాను. వాడు ఇంటర్ చదువుతున్నాడు. ఖాళీ దొరికితే చాలు, చేతిలో ఫోన్, అందులో బీజీఎంఐ. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, రోజంతా స్క్రీన్ ముందే ఉంటాను కాబట్టి వాడిని తిట్టే హక్కు నాకు లేదు. కాకపోతే ఒకే సోఫాలో కూర్చుని కూడా ఇద్దరం సరిగ్గా మాట్లాడుకుని చాలా రోజులైంది. అందుకే పై ఫ్లోర్‌లో ఉన్న గేమింగ్ జోన్‌కి లాక్కెళ్ళాను.

మాల్ పేరు చెప్పను. కౌంటర్‌లో 500 రూపాయలు పెట్టి కార్డ్ తీసుకున్నాం. కార్ రేస్ ఒక్కొక్కరికి 120. పక్కపక్క సీట్లలో కూర్చున్నాం. నా స్టీరింగ్ బాగానే ఉంది. వాడిది మాత్రం వదులుగా తిరుగుతోంది, బ్రేక్ తొక్కితే పని చెయ్యట్లేదు. రేస్ అయ్యాక వాడన్న మాట ఇదీ: "అన్నా, దీనికన్నా నా ఫోన్‌లోనే బాగుంది."

ఆ మాట నాకు గట్టిగా తగిలింది. ఎందుకంటే ఆర్కేడ్ మెషీన్ ఉన్నదే ఫోన్ ఇవ్వలేనిది ఇవ్వడానికి. గ్రాఫిక్స్‌లో ఇక పోటీ లేదు, ఇప్పుడు బడ్జెట్ ఫోన్‌లో కూడా 120 హెర్ట్జ్ డిస్‌ప్లే వస్తోంది. కానీ ఫోన్‌లోని చిన్న వైబ్రేషన్ మోటార్ ఫోన్‌ని మాత్రమే కదిలించగలదు. ఆర్కేడ్ స్టీరింగ్ వెనక ఉండే మోటార్ మన చేతులకి ఎదురు తిరుగుతుంది. మలుపులో బరువు తెలుస్తుంది, గోడకి గుద్దితే మోచేతుల దాకా అదురుతుంది. దీన్నే ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ అంటారు. అలాగే 1995 నాటి టైమ్ క్రైసిస్‌లో కాలి కింద పెడల్ ఉంటుంది. తొక్కితే బయటకొచ్చి కాలుస్తాం, వదిలితే దాక్కుంటాం. టచ్ స్క్రీన్ మీద ఆ ఫీల్ ఎలా వస్తుంది చెప్పండి? ఆ మోటార్, ఆ పెడల్ పాడైతే ఇక మిగిలేది పెద్ద టీవీ, గట్టి సౌండ్, అంతే.

ఇంకో విషయం టికెట్ల మెషీన్లు. జోన్‌లో సగానికి పైగా అవే కనిపించాయి. బటన్ నొక్కాలి, లైట్ ఆగాలి, టికెట్లు రావాలి, చివర్లో వాటికి ఒక పెన్సిలో చాక్లెట్టో. చిన్నపిల్లలకి సరదానే, కాదనను. కానీ అందులో ఆడి నేర్చుకునేది ఏముంది? పది సార్లు ఆడినా మన ఆట మెరుగుపడదు, కార్డ్‌లో బ్యాలెన్స్ తగ్గుతుంది.

మాల్‌లో అద్దెలు, కరెంట్, స్పేర్ పార్ట్స్ ఖర్చు తక్కువేం కాదని నాకూ తెలుసు. అందుకే రేట్లు తగ్గించమని అడగట్లేదు. అడిగేవి మూడే. పాడైన మెషీన్ మీద "పని చెయ్యదు" అని కాగితం అంటించండి. ప్రతి గేమ్ రేటు పాయింట్లలో కాకుండా రూపాయల్లో రాయండి. కార్డ్‌లో మిగిలిన డబ్బు వెనక్కివ్వండి. మేం రెండు రేస్‌లు ఆడాక మాకు మిగిలింది 20 రూపాయలు. ఆ 20తో అక్కడ ఆడగలిగే గేమ్ ఒక్కటీ లేదు, కౌంటర్‌లో అడిగితే రీఫండ్ ఉండదన్నారు.

ఇన్ని చెప్పి మళ్ళీ వెళ్తావా అంటే, వెళ్తాను. రెండో రేస్‌కి మేం సీట్లు మార్చుకున్నాం. బ్రేక్ లేని కార్‌తో నేను గోడలన్నీ గుద్దుకుంటూ వెళ్తుంటే మా వాడు పక్క సీట్లో కడుపు పట్టుకుని నవ్వాడు. మెట్రోలో ఇంటికి వచ్చేదాకా అదే టాపిక్. ఆన్‌లైన్‌లో వంద మందితో ఆడినా పక్కనోడి నవ్వు ఇలా వినపడదు కదా.

ఆ కార్డ్ ఇంకా నా పర్సులోనే ఉంది. స్టీరింగ్ బాగు చేయిస్తే ఆ 20 మీద మళ్ళీ రీచార్జ్ చేయిస్తా.