మనలోని ప్రాచీన గడియారం

తెల్లవారుజామున నాలుగున్నరకు గంట కొట్టి విద్యార్థులను చదువుకు కూర్చోబెట్టే వసతి కళాశాలలు మన తెలుగు రాష్ట్రాలలో ఉన్నాయి. అక్కడ పుస్తకం ముందు కునికే పిల్లవానిని సోమరి అని మందలించడం పరిపాటి. ఆ మందలింపు అన్యాయమని నా అభిప్రాయం. ఆ కునికిపాటుకు కోట్ల సంవత్సరాల చరిత్ర ఉన్నది.

1729లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు ద మెరాన్ ఒక అత్తిపత్తి మొక్కను చీకటిలో ఉంచి గమనించాడు. ఎండ సోకకపోయినా అది పగటివేళకు ఆకులు విప్పింది, రాత్రివేళకు ముడుచుకొన్నది. వేళ తెలిపే సాధనమేదో మొక్కలోనే ఉన్నదనడానికి అది తొలి సూచన.

అసలు జీవులకు ఈ గడియారం ఎందుకు కావలసివచ్చింది? ఓజోను పొర ఏర్పడని ఆదికాలంలో సూర్యుని అతినీలలోహిత కిరణాలు అడ్డులేకుండా భూమిని తాకేవి. కణవిభజనను రాత్రికి వాయిదా వేసుకొన్న జీవులు బతికి బట్టకట్టాయని కొందరు శాస్త్రజ్ఞుల ఊహ. ఊహను పక్కన పెట్టినా ప్రయోగం చెప్పిన సాక్ష్యం ఒకటున్నది. వేర్వేరు లయలు గల సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవులను కార్ల్ జాన్సన్ బృందం ఒకేచోట కలిపి పెంచి, 1998లో ఫలితాలు ప్రకటించింది. వెలుగు చీకట్ల క్రమంతో లయ కుదిరినవి వృద్ధి చెందాయి. కుదరనివి క్రమంగా కనుమరుగయ్యాయి.

మన గడియారపు యంత్రాంగం ఆ సూక్ష్మజీవులదానికంటె వేరు. ప్రకృతి ఈ సాధనాన్ని ఒకటికంటె ఎక్కువసార్లు కనిపెట్టిందన్నమాట! మన గడియారపు జన్యువులకు చుట్టాలు పండ్ల ఈగలలో ఉన్నాయి. ఈగతో చుట్టరికం కొందరికి రుచించకపోవచ్చు గాని, ఆ ఈగల గడియారాన్ని విప్పి చూపిన హాల్, రాస్‌బాష్, యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి లభించింది.

మన మెదడులో సుమారు 20,000 నాడీకణాల చిన్న ముద్ద ఈ గడియారాన్ని నడుపుతుంది. కంటి ద్వారా వెలుగును గ్రహించి రోజూ తన వేళను సరిచేసుకొంటుంది. కౌమారంలో ఈ వేళ ఆలస్యమవుతుంది. రాత్రి వచ్చిందని దేహానికి తెలిపే మెలటోనిన్ ఆ వయస్సులో ఆలస్యంగా స్రవిస్తుంది. అటువంటి వారిని చీకటితోనే లేపితే కోత పడేది నిద్రకే.

వేకువన చదివినది మనస్సుకు పడుతుందని పెద్దలంటారు. దీపాలార్పి పెందలకడనే పడుకొన్న కాలపు మాట అది. రాత్రి పదకొండు దాకా ట్యూబులైట్ల కింద చదివించి, నాలుగున్నరకు లేపేవారికి ఆ మాట చెప్పే హక్కు లేదు. రాత్రి చదువును పదింటికి ముగించి, మొదటి గంటను ఆరున్నరకు కొట్టడానికి ఏ కళాశాలకైనా పైసా ఖర్చు కాదు.