రెండో కోత ఎవరి కోసం?

మా చిన్నమ్మ మూడేండ్ల కింద గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకుంది. మొదట బాగా తగ్గింది. ఏడాదిన్నర తర్వాత కాటా ముల్లు కదల్లేదు. పెళ్ళిళ్ళలో ఒకరు ‘ఇంకా లావుగానే ఉన్నావే’ అంటే, ఇంకొకరు ‘ఇన్నూ దప్ప ఇద్దీయల్లా’ అంటారు. ఇప్పుడు ఆమె రివిజన్ సర్జరీ అంటోంది.

ఏడాది, ఏడాదిన్నరకు బరువు నిలవడం మామూలే. తగ్గిన ఒంటికి తక్కువ శక్తి చాలు. అది ఆమె తప్పు కాదు. ఆపరేషన్‌లో చేసిన చిన్న పొట్టసంచి సాగిందా అని ముందు ఎండోస్కోపీతో చూడాలి, తిండీ సరిచూసుకోవాలి. రెండో కోతకు ప్రమాదం మొదటిదానికన్నా ఎక్కువ. కారణం తెలిశాకే దానికి పోవాలి.

2014లో మంత్రి అరుణ్ జైట్లీ ఇదే ఆపరేషన్ చేయించుకున్నది షుగర్ కోసం. చిన్నమ్మ షుగర్ ఇప్పుడు అదుపులోనే ఉంది. మరి ఈ కోత ఆమె ఒంటి కోసమా, మన నోళ్ళ కోసమా? ముందు మన నోళ్ళకు కుట్లు వేసుకుందాం.